ఎనభై అని రాసి ఉన్న రంధ్రం

మా పెద్దమ్మ ఇరవై ఏడేళ్లు ఒకే పని చేసింది. రేవులో రేకుల షెడ్డు కింద ఎత్తు పీట మీద కూర్చుని, పడవల్లోంచి దిగిన గుల్లల్ని ఒక్కొక్కటిగా రంధ్రంలో పెట్టి చూసేది. దూరుతుందా, దూరదా. అంతే పని. "అంతేనా" అని ఎవరైనా అంటే మాత్రం ఆవిడకి ఒళ్లు మండేది.

ఆ గుల్ల ఒక సముద్రపు నత్తది. బొంగరాన్ని తిరగేసి నేల మీద నిలబెట్టినట్టు, అడుగుభాగం వెడల్పుగా, పైన మొన తేలి ఉంటుంది. అందుకే మావాళ్లు బొంగరం గుల్ల అంటారు. నీళ్లలోంచి తీసినప్పుడు పాచి పట్టి మురికి రాయిలా కనిపిస్తుంది. బ్రష్షుతో గట్టిగా తోమితే తెల్లటి ఒంటి మీద ఎర్రటి చారలు బయటపడతాయి. లోపలంతా ముత్యపు మెరుపు. ఆ మెరుపు కోసమే దాన్ని కొంటారు. గుండీల కంపెనీ వాళ్లు ఆ గుల్లని గుండ్రంగా తొలిచి చొక్కా గుండీలు చేస్తారు. పట్టుకుంటే చల్లగా ఉండి, వెలుతురుకి రంగు మారే గుండీలు.

ఆ నత్త ఎవరి జోలికీ పోదు. పగడపు దిబ్బ మీద పాచి గీక్కుని తింటూ బతుకుతుంది. ముట్టుకుంటే లోపలికి ముడుచుకుపోయి, పల్చటి గోధుమరంగు బిళ్ళ ఒకటి తలుపులా వేసుకుంటుంది. దాని బతుకంతా ఆ తలుపు మీద నమ్మకమే.

దాన్ని పట్టడానికి ఒక నియమం ఉంది. అడుగుభాగం వెడల్పు ఎనభై మిల్లీమీటర్లకి తగ్గితే పసిది, వదిలేయాలి. నూట ఇరవై దాటితే తల్లి, దాన్నీ వదిలేయాలి. ఎనభైకి వచ్చేలోపు అది రెండు మూడు సార్లైనా గుడ్లు పెడుతుందనీ, పెద్దవి లక్షల్లో పెడతాయనీ లెక్క. అందుకని పెద్దమ్మ ముందు రెండు రంధ్రాలున్న చెక్క పలక ఉండేది. చిన్న రంధ్రంలోంచి జారిపోయిందీ, పెద్ద రంధ్రంలో పట్టనిదీ నీళ్ల తొట్టిలోకి పోయేవి. మధ్యవి బస్తాలోకి.

పెళ్లికి ముందు పెద్దమ్మ కూడా వాళ్ల నాన్నతో కలిసి గుల్లల కోసం మునిగేదట. పద్దెనిమిదో ఏట ఎడమ చెవి లోపల ఏదో పగిలి, అప్పటినించీ ఆ చెవి వినపడదు. మాట్లాడాలంటే కుడివైపుకి రావాల్సిందే. రేవులో అందరూ ఆవిడని కొలతమ్మ అంటారు. అసలు పేరు జీతాల పుస్తకం రాసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

తొట్టిలోకి పోయిన వాటిని సాయంత్రం కాకముందే పెద్దమ్మ మా మామయ్య పడవలో దిబ్బ దగ్గరికి తీసుకెళ్లేది. మామయ్య అంటే ఆవిడ తమ్ముడే, మునిగేవాళ్లందరికీ పెద్ద. దోసెడు గుల్లలు తీసి నీళ్లలోకి విసిరేవాళ్లని చూస్తే పెద్దమ్మ ఊరుకునేది కాదు. "విసరకండి. పెట్టండి" అనేది. విసిరితే ఇసకలో వెల్లకిలా పడతాయి, తిరగబడే లోపు పీతలు తినేస్తాయి. తానే మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఒక్కోదాన్నీ రాయి మీద మొన పైకొచ్చేలా ఆనించేది. చంటిపిల్లల్ని పడుకోబెడుతున్నావా అని మామయ్య నవ్వేవాడు. "నీ పిల్లల అన్నంరా ఇది" అనేది ఆవిడ.

ఇదీ నాకు తెలిసిన పెద్దమ్మ. ఇప్పుడు జరిగిన అన్యాయం చెబుతాను.

నాలుగేళ్ల కిందట, గుల్లల కాలం మొదలయ్యే రోజు, రేవుకి కొత్త కొలత పలక వచ్చింది. స్టీలుది. తళతళా మెరుస్తూ, చిన్న రంధ్రం పక్కన 80, పెద్ద రంధ్రం పక్కన 120 అని చెక్కి, మధ్యలో చేపల శాఖ ఆఫీసు ముద్రతో. గుండీల కంపెనీ బహుమతిగా చేయించి ఇచ్చిందని, ఆ కంపెనీకి గుల్లలు కొనే ఏజెంటు చెప్పాడు. ఫోటోలు తీశారు. పెద్దమ్మని కూడా పలక పట్టుకుని నిలబడమన్నారు. పాత చెక్క పలకని ఆఫీసరు జీపులో వేసుకుని తీసుకెళ్లిపోయాడు. రికార్డు కోసమట.

మొదటి రోజే పెద్దమ్మకి ఏదో తేడా కొట్టింది. మధ్యాహ్నానికి రెండు తొట్లు నిండాల్సింది, ఒక తొట్టి అడుగు కూడా కప్పలేదు. ఈ ఏడు గుల్ల బాగా ఎదిగిందేమో అనుకుంది. మునిగేవాళ్లు సంబరపడ్డారు, ఏజెంటు అందరికీ టీ తెప్పించాడు. రెండు వారాలు అలాగే నడిచింది. ఒకరోజు చేతిలో ఉన్న గుల్ల అంచు ఆవిడ వేలికి గుచ్చుకుంది. పసి గుల్లలకి అంచు చుట్టూ చిన్న చిన్న బొడిపెలు ఉంటాయి, ఎదిగేకొద్దీ అరిగిపోతాయి. ఈ గుల్లకి బొడిపెలు అలాగే ఉన్నాయి. రంధ్రంలో పెట్టింది. దూరలేదు. పలకని తిప్పి పెట్టింది. దూరలేదు.

ఆ సాయంత్రం పెద్దమ్మ పలక పట్టుకుని నేను పనిచేసే జెరాక్సు కొట్టుకి వచ్చి, స్కేలు ఇమ్మంది. రంధ్రం మీద అడ్డంగా పెట్టి చూశాం. నేను తప్పు చూశానేమోనని మళ్లీ చూశాను. డెబ్భై రెండు, డెబ్భై మూడు మధ్యలో ఉంది.

"ప్లాస్టిక్ స్కేలు కదా, దీన్ని ఎవరు నమ్ముతారు" అన్నాను. వెంటనే లేత్ మేస్త్రీ దగ్గరికి లాక్కెళ్లింది. ఇంజను భాగాలు తీర్చేవాడు, వెంట్రుక మందం కూడా కొలవగల కాలిపర్ ఉంది అతని దగ్గర. మూడుసార్లు కొలిచి, కళ్లజోడు తీసి తుడుచుకుని, డెబ్భై రెండు అన్నాడు. పెద్ద రంధ్రం కూడా కొలవమంటే అది నూట ముప్పై ఉంది. అంటే పిల్లల్నీ పట్టేయొచ్చు, తల్లుల్నీ పట్టేయొచ్చు. పెద్దమ్మ ఇదంతా ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడిగింది. మేస్త్రీ కాలిపర్ పెట్టెలో పెట్టేసి, గుండీలు తొలిచే మిషన్ల రిపేరు అంతా తనకే ఇస్తారనీ, తనకి ముగ్గురు ఆడపిల్లలనీ చెప్పాడు. "నేను కొలిచానని మాత్రం ఎక్కడా అనకక్కా" అన్నాడు.

మనిషికి భయం ఉండటం తప్పని నేను అనను. కానీ ఆ రోజు నాకు అతని మొహం చూడబుద్ధి కాలేదు.

అక్కడినించి నేరుగా మామయ్య ఇంటికెళ్లాం. మామయ్య అన్నం తింటున్నాడు. అంతా విని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అతను ఆశ్చర్యపోలేదు. అది చూసే పెద్దమ్మ మొహం మారిపోయింది.

"నీకు తెలుసు" అంది.

"ఇరవై ఏళ్లు మునిగినవాడిని, చేతికి తెలియదా అక్కా. అందరికీ తెలుసు. గుల్ల దూరకపోతే తప్పు పలకది. నీదీ కాదు, నాదీ కాదు. ముద్ర వేసినవాళ్లున్నారు, వాళ్లు చూసుకుంటారు."

"ఎవరు చూసుకుంటార్రా? వచ్చే ఏడు దిబ్బ మీద నీకు ఏముంటుంది?"

ఆ తర్వాత చాలా నెలలు పెద్దమ్మ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. రెండిళ్లకీ మధ్య ఒకే గోడ. ఆవిడ వినపడని చెవి అటువైపు ఉండేలా మంచం తిప్పి వేసుకుంది.

మొదటి అర్జీ నేనే టైపు చేశాను. రెండు ప్రతులు చేపల శాఖ ఆఫీసుకి తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకున్నాం. ఆ ముద్ర వేయించుకోవడం పెద్దమ్మ ఆలోచనే. గుల్లల బస్తాకి చీటీ కట్టకుండా ఏనాడూ పంపని మనిషి. వారం దాటినా ఉలుకూ పలుకూ లేదు. రెండో అర్జీ, మూడో అర్జీ. నాలుగో దానికి జవాబొచ్చింది. అందులో మాటలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "సదరు కొలత పలకపై ఈ కార్యాలయపు ముద్ర ఉన్నందునను, 80 అని స్పష్టముగా చెక్కబడి ఉన్నందునను, సదరు రంధ్రమును 80 మిల్లీమీటర్లుగా పరిగణించవలెను."

పెద్దమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. మర్నాడే ఆఫీసుకి పోయాం. ఆఫీసరు మమ్మల్ని గంటన్నర బయట నిలబెట్టి, ఆనక లోపలికి రానిచ్చాడు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోమనలేదు. ఎడమవైపు నించి మాట్లాడటం మొదలుపెట్టాడు. పెద్దమ్మ టేబులు చుట్టూ తిరిగి కుడి చెవి అతని వైపు ఉండేలా నిలబడింది.

"పలక మీద ఎంత అని ఉందమ్మా?" అన్నాడు.

"ఎనభై."

"మరి ఇంకేంటి నీ గొడవ?"

"గుల్లని కొలిచేది రాత కాదండీ, రంధ్రం" అంది పెద్దమ్మ.

అతను నవ్వాడు. స్కేలు అధికారిక సాధనం కాదన్నాడు. కాలిపర్ అయితే గుర్తింపు పొందిన ల్యాబుదై ఉండాలన్నాడు. పాత చెక్క పలక తెప్పించి పక్కన పెట్టి చూడమంటే, అది పనికిరాని సామాను కింద తీసేశామన్నాడు. రికార్డు కోసం తీసుకెళ్లిన పలక. ఇరవై ఏడేళ్లు ఆవిడ చేతుల్లో నునుపెక్కిన పలక. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "మీ కొట్లో కత్తెర ఉందా?" అని అడిగింది.

పాత నూనె డబ్బా రేకు మీద కంపాసుతో గుండ్రంగా గీసి, సరిగ్గా ఎనభైకి కత్తిరించాం. అంచు గుచ్చుకోకుండా గుడ్డ చుట్టి కుట్టింది, కుట్టాక మళ్లీ కొలిచాం. మర్నాడు పొద్దున స్టీలు పలకని పీట కిందకి తోసేసి, రేకుతో కొలవడం మొదలుపెట్టింది. తొట్లు నిండాయి. మునిగేవాళ్లు గోల పెట్టారు. పొద్దుటినించీ ఊపిరి బిగబట్టి తెచ్చినవి తొట్టిలో పారేస్తావా అని ఒకతను మీది మీదికి వచ్చాడు. ఆవిడ తలెత్తలేదు. మామయ్య అటూ ఇటూ రాకుండా దూరంగా పడవ తాడు చుట్టుకుంటూ నిలబడ్డాడు.

నాలుగో రోజు ఆఫీసు నించి ఉత్తర్వు వచ్చింది. వినికిడి లోపం కారణంగా విధుల నిర్వహణలో ఇబ్బంది కలుగుతున్నందున కొలతమ్మని తక్షణం తొలగిస్తున్నామని. వినికిడి లోపం. ఇరవై ఏడేళ్లుగా లేని ఇబ్బంది.

"నేను గుల్లల్ని చెవితో కొలుస్తున్నానా?" అంది పెద్దమ్మ. షెడ్డులో కొందరు నవ్వారు. ఆవిడ నవ్వించడానికి అన్లేదు. ఏజెంటు తెచ్చిన మనిషి అప్పటికే పీట మీద కూర్చున్నాడు.

ఆ కాలమంతా బస్తాలకి బస్తాలు పోయాయి. పెద్దమ్మ ఇంట్లో వలలకి ముళ్లు వేసిపెట్టే పని తెచ్చుకుంది. రేవు వైపు వెళ్లేది కాదు. అర్జీలు మాత్రం మూడు నెలలకొకటి పంపుతూనే ఉంది. అందులో ఒక్క విషయం ప్రతిసారీ రాయమనేది. రేకు కత్తిరించేదాకా పసి గుల్లలు తన చేతుల మీదుగానే పోయాయని, ఆ తప్పు తాను ఒప్పుకుంటున్నానని. అది రాయొద్దు పెద్దమ్మా, రేపు మన మెడకే చుట్టుకుంటుంది అన్నాను. "నిజం కాదా?" అంది. రాశాను.

మరుసటి ఏడు గుల్లల కాలం మొదలైన పదో రోజున మామయ్య పెద్దమ్మ గుమ్మం ముందుకొచ్చి కూర్చున్నాడు. ఒళ్లంతా ఉప్పు తేలి ఉంది. పొద్దుటినించి మునిగితే పదకొండు గుల్లలు దొరికాయట. తూర్పు వైపు దిబ్బ మీద పాచి గడ్డిలా పెరిగిపోయిందనీ, గీక్కు తినేవి లేవనీ చెప్పాడు. పెద్దమ్మ లోపలినించి మంచినీళ్లు తెచ్చిచ్చింది. మామయ్య అవి తాగి వెళ్లిపోయాడు.

అసలు దెబ్బ ఆ నెలాఖరుకి పడింది. ముందటేడు పంపినవాటిలో పద్దెనిమిది బస్తాల గుల్లలు కంపెనీ నించి తిరిగొచ్చేశాయి. పసి గుల్ల గోడ పల్చన కదా, తొలుస్తుంటే విరిగిపోతోందట. గుండీ నిలబడటం లేదట. దూరాన ఉన్న కంపెనీ పెద్దలు ఏజెంటుని నిలదీశారు. ఏజెంటు ఆఫీసరుని అడిగాడు. ఆఫీసరు ఏం చేశాడో తెలుసా? పెద్దమ్మకి నోటీసు పంపాడు. నియమాలకి విరుద్ధంగా చిన్న గుల్లలు అనుమతించినందుకు సంజాయిషీ ఇవ్వాలని. ఆవిడ స్వయంగా ఒప్పుకుందని, ఋజువుగా మా అర్జీలోంచే ఆ ఒప్పుకోలు వాక్యం ఎత్తి రాశాడు. ముందూ వెనకా వాక్యాలు వదిలేసి.

ఆ కాగితం పెద్దమ్మకి చదివి వినిపించాను. ఆవిడ ట్రంకు పెట్టె తీసి, ముద్రలున్న అర్జీల ప్రతులన్నీ తేదీల వారీగా పేర్చమంది.

విచారణకి పై ఆఫీసు నించి ఒక మేడం వచ్చింది. రేవు షెడ్డులోనే టేబులు వేశారు. బస్తాలు ఒక పక్కన, స్టీలు పలక టేబులు మీద. మునిగేవాళ్లంతా వచ్చారు. ఆఫీసరు ఒక బస్తాలోంచి గుల్ల తీసి, ఇంత చిన్న గుల్లని ఎలా అనుమతించావని పెద్దమ్మని అడిగాడు. ఆవిడ లేచి ఆ గుల్లని అతని చేతిలోంచి తీసుకుని, స్టీలు పలక చిన్న రంధ్రంలో పెట్టింది. దూరలేదు.

"ఈ గుల్ల చిన్నదంటే పలక తప్పు" అంది. "పలక సరైనదంటే గుల్ల చిన్నది కాదు, నా మీద నోటీసు తప్పు. రెండింట్లో ఏదో ఒకటి తేల్చి, కాగితం మీద రాసివ్వండి. నేను సంతకం పెట్టి పోతాను."

ఆఫీసరు మేడం వైపు చూశాడు. మేడం పలక వైపు చూసింది. సముద్రపు గాలికి స్టీలు కొంచెం ముడుచుకుంటుందని ఏజెంటు ఏదో అనబోయాడు. మరి నా పడవ ఇంజను ముడుచుకుని పుల్లై పోవాలే అని ఎవరో అన్నారు, అందరూ నవ్వారు. మేడం నవ్వలేదు. కొలిచే సాధనం ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగింది.

మామయ్య గుంపులోంచి వెళ్లి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ లేత్ మేస్త్రీ పక్కన నిలబడ్డాడు. ఒక నిమిషం తర్వాత మేస్త్రీ చంకలోంచి పెట్టె తీసి ముందుకొచ్చాడు. పెట్టె తెచ్చుకున్నాడంటే వచ్చేటప్పుడే సగం మనసు చేసుకున్నాడన్నమాట. అందరూ చూస్తుండగా కొలిచి, "డెబ్భై రెండు. పోయినేడు కూడా ఇంతే ఉంది" అన్నాడు.

ఆ తర్వాత అందరికీ నోళ్లొచ్చాయి. మాకూ తెలుసు, చెప్పలేకపోయాం అని మామయ్య మేడం ముందు ఒప్పుకున్నాడు. పెద్దమ్మ ముందు ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

ఏం తేలిందంటారా? పలకని వెనక్కి తీసుకున్నారు. దిబ్బని రెండేళ్లు మూసేశారు, మునిగేవాళ్లు ఉప్పు మళ్లల్లోకి, ఇటుక బట్టీల్లోకి పోయారు. పలకలో "తయారీ సంబంధిత సాంకేతిక లోపం" ఉన్నట్టు "ఈ కార్యాలయం గుర్తించింది" అని కాగితం వచ్చింది. ఈ కార్యాలయం గుర్తించిందట. రెండు రంధ్రాలూ కంపెనీకి లాభం వైపే తప్పడం ఎలాంటి సాంకేతిక లోపమో మాత్రం ఎవరూ అడగలేదు. ఆఫీసరుకి వేరే ఊరు బదిలీ, ఏజెంటు అలాగే ఉన్నాడు. పెద్దమ్మని మళ్లీ పీట మీద కూర్చోమన్నారు. కాకపోతే గతం గురించి నాకెలాంటి ఫిర్యాదూ లేదని సంతకం పెట్టాలన్నారు. ఆవిడ పెన్ను ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ పీట మీద వేరే ఆవిడ కూర్చుంటుంది. మంచిదే, సరైన పలకతో కొలుస్తుంది.

పెద్దమ్మ అడిగేది ఒక్క వాక్యం. పలక తప్పు, కొలతమ్మ చెప్పింది నిజం అని. ఆ వాక్యం రాయడానికి ఏ ఆఫీసుకీ చెయ్యి రావడం లేదు. పోయిన నెల పదిహేడో అర్జీ తీసుకుని ఇద్దరం వెళ్లాం. ముందురోజంతా వాన. ఆఫీసు గేటు నించి మెట్లదాకా ఎప్పుడూ బురదే ఉండే చోట ఈసారి తెల్లగా, కొత్తగా దారి వేసి ఉంది. దగ్గరికి వెళ్తే తెలిసింది. ఆ పద్దెనిమిది బస్తాల గుల్లలూ అక్కడ పోసి, బండితో తొక్కించారు. కొన్ని ఇంకా పూర్తిగా నలగలేదు, ఎర్ర చారలు కనిపిస్తున్నాయి.

పెద్దమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. వంగి ఒకటి తీసి చూసింది, మళ్లీ అక్కడే పెట్టింది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, పక్కనున్న బురదలోకి దిగి నడిచింది. నేనూ దిగాను. చీలమండల దాకా కూరుకుపోయాం. లోపల గచ్చు మీద మా అడుగులు చూసి గుమాస్తా, "అంత మంచి దారి వేశాం కదండీ" అన్నాడు.

"అది దారి కాదు బాబూ" అంది పెద్దమ్మ. "ముద్ర వెయ్యి."

వేశాడు. మా ప్రతి మేం తీసుకుని, బురదలోంచే బయటికొచ్చాం.